నలభై ఆరు కిలోలు

మనిషికి నలభై ఆరు కిలోలే అని
టికెట్ మీద రాసి ఉంది.
నాన్న హాల్లో ఫ్యాను విప్పేసి
ఆ కొక్కేనికి స్ప్రింగు కాటా వేలాడదీశాడు.
లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు
బోగీల కింద పడుకుని లేచిన మనిషి,
తూచందే దేన్నీ నమ్మడు,
దేవుణ్ణి తప్ప.

మెట్టుగూడలో మే నెల. ఫ్యాను లేదు.
చెమటలు కారుతుంటే అందరం
అమ్మ చీరల బరువు చూస్తున్నాం.
కుక్కరు మూడు కిలోల రెండొందలు.
పెద్దక్షరాల బైబిలు కిలోన్నర.
"చిన్నక్షరాలది తీసుకుపోరాదూ?" అన్నాను.
"దానికి ఇంకో జత అద్దాలు కావాలె బిడ్డా,
అద్దాలకూ బరువుంటది."

మలావీ అన్న పేరు నేను మొదట విన్నది చర్చిలోనే,
ఎవరిదో పెండ్లి ప్రకటనకీ
జనరేటర్ చందాకీ మధ్య:
మన జీవరత్నం గారు, సంపూర్ణమ్మ గారు
నాలుగేండ్ల సేవకు...
చప్పట్లు.
నేనూ కొట్టాను.
చేతులు ముందు కొట్టేశాయి,
చెవులకు తర్వాత వినబడింది.
ఇంట్లో చెప్పడానికి భయమేసిందట
ముప్పై ఆరేళ్ల కూతురికి.

అప్పట్నుంచీ ఇల్లంతా చీటీలు.
నీళ్ల కుండ మీద మాడ్జి.
తలుపు మీద ఖోమో.
పొయ్యి దగ్గర మోతో, ఉప్పు డబ్బా మీద మ్చెరే.
అరవై మూడేళ్ల అమ్మ
చపాతీ ఒత్తుతూ వల్లె వేస్తుంది,
తప్పు పలికితే తానే నవ్వుకుంటుంది,
ఒకటో తరగతి పిల్లలా.
ఆ నవ్వు చూసి ఒకసారి నాకు కోపమొచ్చింది.

నాకప్పుడు అయిదో నెల.
కాన్పుల వార్డులో ఆమె చేతుల మీదుగా
ఈ నగరంలో సగం మంది ఏడుస్తూ వచ్చారు.
"అక్కడెవరి బిడ్డలకో బొడ్డు కోస్తవ్,
మరి నాకు?"
అమ్మ జవాబు చెప్పలేదు.
సూట్‌కేసు జిప్పు పట్టింది,
దానికి కొవ్వొత్తి రుద్దుతూ కూర్చుంది
చాలాసేపు.

చిన్నప్పుడు ఈస్టరు తెల్లారుజామున
సమాధుల తోటలో ఒక రాయి కడగడం నా వంతు.
దొరల పాప. పదకొండు నెలలు.
పేరులో సగం నాచు తినేసింది.
కొవ్వొత్తి అంటించి
బన్ను కోసం ఉరికేదాన్ని.
ఆ పాప అన్నలో అక్కలో
సముద్రం అవతల ఏ హాస్టల్లోనో
అమ్మ రాత గుర్తుపట్టే పనిలో ఉండేవారని
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
మా ముత్తవ్వ అ ఆ లు దిద్దింది
ఆ అమ్మ ఒళ్లోనేనట.

వాళ్లమ్మను మేం తీసుకున్నాం,
మా అమ్మను ఇంకెవరో తీసుకుంటారు,
చెల్లుకు చెల్లు అంటాడు నాన్న.
తూకాల మనిషి కదా.
నాకు మాత్రం ఆ ముల్లు
ఇంకా ఊగుతూనే ఉంది.

శంషాబాద్‌లో అమ్మ పెట్టె అరకిలో ఎక్కువొచ్చింది.
అందరి ముందూ నేల మీద చతికిలబడి
పెట్టె విప్పి
చీర కుచ్చిళ్లలో గోంగూర గింజల పొట్లం
ఇంకా లోపలికి తోసి,
కందిపప్పు సంచి తీసి నా చేతిలో పెట్టింది.
"మంచి పప్పు. తొందరగ ఉడుకుతది."
ఆఖరి మాట అదే.
ప్రార్థన ఇంటి దగ్గరే అయిపోయింది.
నాన్న వెనక్కి చూడలేదు, 
చెవి మిషన్ తీసి జేబులో పెట్టుకున్నాడు కాబోలు,
పిలిచినా.

ఇంటికొచ్చాక ఫ్యాను బిగించేవాళ్లు దొరకలేదు.
కాటా అక్కడే, కొక్కేనికి, 
సున్నా దగ్గర.
రాత్రి ఆ పప్పే వండాను.
నిజంగానే తొందరగా ఉడికింది.
ఉప్పు చాలలేదు.
ఎదుటి కుర్చీ వైపు చెయ్యి చాపి
"మ్చెరే" అన్నాను.

కడుపులోది ఒకసారి తన్నింది.
లేచి డబ్బా నేనే తెచ్చుకున్నాను.